దూరపు వార్తకు ఇంటి మాట, ఊరి వార్తకు కచేరీ మాట: తెలుగు దినపత్రికల జిల్లా పుటల భాషపై ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగు పత్రికల మీద వచ్చిన సాహిత్య పరిశోధన ఎక్కువగా మూడు దారుల్లో నడిచింది. సంపాదకీయాల భావధార ఒకటి, పత్రికలు కథకూ కవిత్వానికీ ఇచ్చిన ఆదరణ రెండవది, వ్యావహారిక భాష స్థిరపడటంలో వాటి పాత్ర మూడవది. ముట్నూరి కృష్ణారావు, నార్ల వెంకటేశ్వరరావు వంటి సంపాదకుల శైలి మీద మన విభాగాల్లో చర్చ జరిగింది, జరుగుతోంది. వార్తను మాత్రం రచనగా చదివిన సందర్భాలు తక్కువ. అందులోనూ ఊరి వార్తను, అంటే ప్రమాదం, ఆత్మహత్య, పాఠశాల వార్షికోత్సవం, బోనాల ఊరేగింపు, బస్‌షెల్టర్ ప్రారంభం వంటి నాలుగైదు వాక్యాల వార్తను, సాహిత్య విద్యార్థులు చదవదగిన పాఠంగా ఎంచినవారు మరీ తక్కువ.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో ప్రతి జిల్లాకూ చిన్న పరిమాణంలో విడిగా ఒక అనుబంధ సంచికను తెచ్చింది. తరువాత ఇతర దినపత్రికలూ ఆ బాట పట్టాయి. రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద 2000లో ప్రచురించిన గ్రంథంలో ఈ పరిణామాన్ని మార్కెట్టు వైపు నుంచి వివరించారు. స్థానిక ప్రకటనలు, స్థానిక పాఠకులు, స్థానిక పేర్లు ఆ వివరణలో ముఖ్యాంశాలు. ఆ వివరణతో ఈ వ్యాసానికి పేచీ లేదు. ఇక్కడి ప్రశ్న వేరు. ఒకే ఇంటికి ఒకే పొద్దున ఒకే మడతలో వచ్చే రెండు కాగితాలు ఒకే తెలుగులో రాయబడ్డాయా?

బెనెడిక్ట్ ఆండర్సన్ ‘ఇమాజిన్డ్ కమ్యూనిటీస్’ (1983)లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఘటనలను పత్రిక పైభాగాన ఉండే తేదీ ఒక్కటే కలుపుతుందని, ఆ కలయికలోనే పాఠకుడు తన జాతిని ఊహించుకుంటాడని అన్నారు. తెలుగు పాఠకుడి విషయంలో ఈ మాటను కొంచెం సవరించుకోవాలి. టీకొట్టు బల్ల మీద పత్రిక పడిన మరుక్షణం అది రెండుగా విడిపోతుంది. ఒకరు ఢిల్లీని, ఒకరు జిల్లాను పట్టుకుంటారు. తేదీ రెండింటి మీదా ఒక్కటే, చదివే చేతులు వేరు. ఆ కాగితాల భాషా వేరేనని, అదీ మనం ఊహించే తీరుకు తలకిందులుగా వేరని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దూరంగా ఉన్న కేంద్రం, న్యాయస్థానం, బడ్జెట్టు ఇంటి మాటల్లో, వంటింటి మాటల్లో మన ముందుకు వస్తాయి. ఇంటి పక్కన జరిగిన చావు కచేరీ మాటల్లో వస్తుంది.

ఇందులో ఉదాహరణగా ఇచ్చిన వార్తా వాక్యాలు ఏ ఒక్క పత్రికలోనివీ కావు. రోజూ కనిపించే అచ్చును చూపడానికి వ్యాసకర్త కూర్చినవి. నిజమైన వార్తల్లో నిజమైన మృతులు, వారి కుటుంబాలు ఉంటాయి గనుక ఈ పద్ధతిని ఎంచుకోవలసి వచ్చింది.

శీర్షికల్లో చుట్టరికం

ప్రధాన సంచిక శీర్షికల్లో జాతీయ వార్తకు వాడే క్రియలనూ నామాలనూ ఒకచోట పేర్చి చూస్తే ఒక ఉమ్మడి కుటుంబం కళ్ల ముందు నిలుస్తుంది. బడ్జెట్టులో రాష్ట్రానికి ‘మొండిచేయి’ చూపుతారు. కేంద్రానిది ‘సవతితల్లి ప్రేమ’. సర్వోన్నత న్యాయస్థానం ప్రభుత్వానికి ‘మొట్టికాయలు’ వేస్తుంది, హైకోర్టు అధికారులకు ‘అక్షింతలు’ వేస్తుంది. ఎన్నికల ముందు ‘తాయిలాలు’ పంచుతారు, ఎన్నికల తరువాత ఛార్జీలు ‘వడ్డిస్తారు’. పెట్రోలు ధర పెరిగితే ‘వాత’ పెట్టినట్టు. వ్యాజ్యం ఓడిపోతే ‘చుక్కెదురు’. ప్రయాణానికి శుక్రుడు ఎదురైతే మంచిది కాదన్న పాత నమ్మిక ఈ చివరి మాటలో ఇంకా బతికి ఉంది. పెళ్లిపీటల మీద దీవెనగా పడే అక్షింతలు శీర్షికలోకి వచ్చేసరికి చీవాట్లు కావడం తెలుగు వ్యంగ్యానికి మంచి ఉదాహరణ.

ఈ భాషకు బలం ఉంది, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఆర్థిక సంఘం, ద్రవ్యలోటు, రాజ్యాంగ ధర్మాసనం వంటి పదాల ముందు నిలబడి బెదిరిపోయే పాఠకుడికి ‘మొండిచేయి’ ఒక్క మాటలో తన ఇల్లు చూపిస్తుంది. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్తలు పాత్రికేయ శిక్షణలో పట్టుబట్టిన తేటతెలుగుకు ఈ శీర్షికలు ఒక విధంగా ఫలితాలే.

అయితే పోలిక సుఖం ఇచ్చినంత వివరం ఇవ్వదు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల మొత్తం వాటాను పద్నాలుగో ఆర్థిక సంఘం 42 శాతంగా, పదిహేనో ఆర్థిక సంఘం 41 శాతంగా సిఫారసు చేశాయి. ఆ రాష్ట్రాల వాటాలో తెలంగాణ భాగం 2.437 శాతం నుంచి 2.102 శాతానికి, ఆంధ్రప్రదేశ్ భాగం 4.305 శాతం నుంచి 4.047 శాతానికి తగ్గాయి. జనాభా లెక్క, తలసరి ఆదాయంలో రాష్ట్రాల మధ్య దూరం, విస్తీర్ణం, అడవి వంటి అంశాలకు ఇచ్చిన తూకం వల్ల ఈ సంఖ్యలు వచ్చాయి. ఆ తూకం న్యాయమైనదా కాదా అన్నది గట్టి చర్చకు తగిన విషయం. ‘సవతితల్లి’ అన్న మాట ఆ చర్చను ఒక స్త్రీ గుణంగా మార్చి ముగిస్తుంది. సూత్రం మీద వాదించవచ్చు, సవతితల్లి మీద ఏడవడం తప్ప చేయగలిగింది లేదు. (నిజమైన సవతితల్లులకు ఈ శీర్షిక చేసే అన్యాయం వేరే వ్యాసానికి విషయం.)

‘తెలిపారు’ అన్న క్రియ

ఇప్పుడు రెండో కాగితం తెరుద్దాం. అచ్చు ఇలా ఉంటుంది: ‘మండలంలోని ఫలానా గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీ (45) సోమవారం ఉదయం పొలం పనులకు వెళ్తుండగా ట్రాక్టరు బోల్తాపడి అక్కడికక్కడే మృతి చెందాడు. మృతదేహాన్ని శవపరీక్ష నిమిత్తం ప్రభుత్వాసుపత్రికి తరలించారు. మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు.’

ఆ ఊరిలో ఈ సంగతి ఎవరూ ఈ మాటల్లో చెప్పుకొని ఉండరు. ట్రాక్టరు తిరగబడిందనో, బోర్లా పడిందనో అంటారు. మనిషి పోయాడంటారు. శవాన్ని పెద్దాసుపత్రికి పట్టుకుపోయారనో, తీస్కపోయిండ్రనో అంటారు. వార్తలో ఉన్న మృతి, నిమిత్తం సంస్కృతం నుంచి వచ్చాయి. నమోదు, దర్యాప్తు పారసీకం నుంచి కచేరీల మీదుగా వచ్చాయి. రెండు పాలనా సంప్రదాయాల పదాలు నాలుగు వాక్యాల్లో ఒక కూలీ శరీరం చుట్టూ చేరాయి. జాతీయ వార్త ఇంటి నుంచి పదాలు తెచ్చుకుంటే, ఇంటి పక్క వార్త ఠాణా నుంచి తెచ్చుకుంటోంది.

పదాల కంటే వాక్య క్రమం ఎక్కువ చెబుతుంది. ఊరు, పేరు, వయస్సు, వృత్తి, వారం, పొద్దు, మరణ కారణం, శవం ఎక్కడికి వెళ్లింది, వారసులెవరు, కేసు. అనుమానాస్పద మరణాల్లో పోలీసులు జరిపే శవ పంచనామా కూడా దాదాపు ఈ వరసలోనే నడుస్తుంది. 2024 జులై 1 వరకు నేర విచారణ ప్రక్రియా స్మృతి 174వ సెక్షన్ కింద, ఆ తరువాత భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద రాసే పత్రం అది. ఊరి వార్తకు మూలరూపం పంచనామాయే అనడం అతిశయోక్తి కాదు. విలేకరి శైలి బద్ధకమైనదని తీర్పు చెప్పి ఊరుకుంటే ఈ సంగతి మనకు కనిపించదు.

చివరి వాక్యాన్ని చూడాలి. ‘చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు.’ తెలుగులో ‘-నట్లు’ అన్న ప్రత్యయం చెప్పినవాడి మాటను చెప్పినవాడికే వదిలేసే సాధనం. బాధ్యతాయుతమైన వార్తకు ఇది అవసరం. కానీ ఊరి వార్తలో ‘తెలిపారు’ అన్న క్రియకు కర్తలు ఎవరు? ఎస్సై, తహసీల్దారు, ఎంపీడీవో, వైద్యాధికారి, సర్పంచి. మృతుడి భార్య ‘తెలిపారు’ అని కనిపించడం అరుదు. ఆమెకు కేటాయించిన క్రియలు ‘బోరున విలపించింది’, ‘కన్నీరుమున్నీరైంది’. తెలపడం అధికారికి, ఏడవడం ఇంటివారికి. ఒక క్రియల పట్టిక వేసుకుంటే మండలంలోని అధికార వ్యవస్థ అంతా అందులో దిగుతుంది.

ఈ స్థితికి ఒక భౌగోళిక కారణం కూడా ఉంది. 1985లో తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు ఏర్పడ్డాయి. నాలుగేళ్లకు జిల్లా సంచికలు వచ్చాయి. మండలానికొక విలేకరి అన్న ఏర్పాటు ఆ పటం మీదే నిలిచింది. విలేకరి చాలా సందర్భాల్లో జీతగాడు కాదు. అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్దిపాటి మొత్తం అందుకునే కంట్రిబ్యూటరు. చందాలు, ప్రకటనలు తేవలసిన భారం కూడా తరచు అతడిదే. సాయంత్రం గడువులోపు మండలంలోని ఇరవై ఊళ్ల సంగతులు తెలుసుకోవలసిన మనిషి, అవి రాసిపెట్టి ఉండే రెండు చోట్లకే వెళ్తాడు. ఒకటి పోలీసు స్టేషను, రెండవది మండల కార్యాలయం. పాత్రికేయుడి బతుకులోని ఈ లోపలి దైన్యాన్ని కె.ఎన్.వై. పతంజలి ‘పెంపుడు జంతువులు’ నవలలో నిర్దాక్షిణ్యంగా రాశారు. ఆ నవలను వ్యంగ్య రచనగానే చదువుతూ వచ్చాం. వార్తాభాష పుట్టుకను వివరించే రచనగా కూడా దాన్ని చదవవలసి ఉంది.

ఎవరికి ‘డు’, ఎవరికి ‘రు’

తెలుగు క్రియకు ఉన్న ఒక గుణం వల్ల ఏ వాక్యం రాసినా గౌరవ నిర్ణయం తప్పదు. ఆంగ్లంలో మరణించిన కూలీకి, మరణించిన మంత్రికి క్రియ ఒకటే చాలు. తెలుగులో కూలీ ‘మృతి చెందాడు’, మాజీ శాసనసభ్యుడు ‘కన్నుమూశారు’. ఒకరిది ‘దుర్మరణం’, మరొకరిది ‘అస్తమయం’. జిల్లా పుటలో ఈ రెండు వార్తలు పక్కపక్కనే వస్తాయి. ఎవరికి ఏ ప్రత్యయమో ఏ శైలీ పత్రమూ చెప్పనక్కరలేదు, డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటరు చేతికి అది తెలుసు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఏకవచనం ఎప్పుడూ చిన్నచూపు కాదు. క్రీడా పుటలో కోహ్లీ శతకం ‘కొట్టాడు’. అక్కడి ‘డు’ మన కుర్రాడన్న చనువు. సినిమా వార్తల్లోనూ ఒకప్పుడు ఆ చనువే ఉండేది. కనుక ‘డు’ అన్న ప్రత్యయానికి రెండు విలువలు ఉన్నాయి. దూరపు ప్రముఖుడికి అది ముద్దు, దగ్గరి పేదవాడికి అది స్థాయి. దూరానిది ఇంటి భాష, దగ్గరదానిది కచేరీ భాష అని పైన చెప్పిన తలకిందుల తీరు వ్యాకరణంలో కూడా ఇలా నిజమవుతుంది.

స్త్రీల విషయంలో తెలుగు వ్యాకరణమే మరొక మెట్టు కింద నిలుస్తుంది. ఏకవచనంలో స్త్రీకి, పశువుకు, వస్తువుకు క్రియాప్రత్యయం ఒకటే. పిడుగుపాటు వార్తలో కూలీ మహిళ ‘మృతి చెందింది’, ఆ పక్కనే గేదె కూడా ‘మృతి చెందింది’. దీన్ని పత్రిక తప్పుగా చూపడం న్యాయం కాదు, భాషలో ఉన్నదే. కానీ ఆ భాషలోనే ‘మృతి చెందారు’ అన్న మాట కూడా ఉంది. ఎమ్మెల్యే తల్లికి అది దొరుకుతుంది. అంటే ప్రత్యామ్నాయం అందుబాటులో ఉండి కూడా వాడని స్థలం ఇది. ఒకరిద్దరు సంపాదకులు తలచుకుంటే సిరా ఖర్చు పెరగకుండానే మారగల స్థలం కూడా.

ఊరి కార్యక్రమాల వార్తల్లో మరో విచిత్రం కనిపిస్తుంది. ‘పాఠశాలలో వార్షికోత్సవాన్ని ఘనంగా నిర్వహించారు. కార్యక్రమంలో సర్పంచి, ఎంపీటీసీ సభ్యుడు, ప్రధానోపాధ్యాయుడు, విద్యా కమిటీ ఛైర్మన్, గ్రామ పెద్దలు, యువజన సంఘం సభ్యులు తదితరులు పాల్గొన్నారు.’ ఈ అచ్చును చూసి నవ్వడం విద్యావంతులకు అలవాటు. కాని ‘పాల్గొన్నారు’లోని ‘రు’ గౌరవార్థకమా, బహువచనమా? జాబితా మొదట్లో ఉన్న సర్పంచికి అది రెండూ. చివర ‘తదితరులు’లో ఉన్న వంటమనిషికి, బెంచీలు మోసినవారికి అది బహువచనం మాత్రమే. అయినా రూపం ఒకటే. విడిగా వార్తలోకి వస్తే ‘డు’ అయ్యే మనిషి, గుంపులో వస్తే ‘రు’ అవుతాడు. జిల్లా పుటలో సామాన్యుడు గౌరవవాచకం అందుకోవడానికి ఉన్న దారి అదొక్కటే.

ఈ జాబితాలకు మన సాహిత్య చరిత్రలో పూర్వరూపం లేకపోలేదు. తెలుగు దానశాసనాల్లో తిథి, వార నక్షత్రాలు, దాత, గ్రహీత, భూమి, నాలుగు ఎల్లలు, సాక్షులు వరసగా ఉంటాయి. మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు కట్టించారో ఉంటుంది. బస్‌షెల్టర్ కట్టించిన దాత పేరు, ప్రారంభించిన అతిథి పేరు, పాల్గొన్నవారి పేర్లు రాసే విలేకరి తెలియకుండానే శాసన లేఖకుడి పని చేస్తున్నాడు. కావ్య విమర్శ కంటే శాసన పరిశోధన నేర్పిన చదువు ఈ వార్తలకు బాగా సరిపోతుందని నా అభిప్రాయం. శాసనంలో ఎల్లలు చూసినట్టే ఇందులో వరస చూడాలి. ఈసారి ఎవరి పేరు ముందుకు వచ్చింది, ఎవరిది ‘తదితరులు’లోకి జారింది అన్నదే ఊరి రాజకీయ చరిత్ర. ఊళ్లలో పాఠకులు ఆ వార్తను చదివేది కూడా సరిగ్గా అందుకే.

లేఖ నుంచి నివేదికకు

ఊరి వార్త మొదటినుంచీ ఇలా లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ రాజమహేంద్రవరంలోని న్యాయస్థానాల లంచగొండితనాన్ని బయటపెట్టింది. ఆ వ్యవహారాల వివరాలు ఆయన ‘స్వీయచరిత్రము’లో ఉన్నాయి. అక్కడ కచేరీ వార్తకు మూలం కాదు, వార్తకు లక్ష్యం. 1878లో ‘రాజశేఖర చరిత్రము’ సీరియల్‌గా వెలువడింది కూడా ఆ పత్రికలోనే. గోదావరి ఒడ్డు ఊళ్లను, అక్కడి మోసాలను, మూఢనమ్మకాలను నవలగా రాసిన చేయి, ఊరి మోసాలను వార్తగా రాసిన చేయి ఒక్కటే. తొలి నవల చర్చలో గోల్డ్‌స్మిత్ ప్రభావానికి ఇచ్చిన చోటులో కొంత ఈ పొరుగుదనానికి కూడా ఇవ్వాలి.

తెలంగాణలో 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి పత్రిక’ను, వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ను నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి ‘గోలకొండ పత్రిక’ వచ్చింది. పల్లెలో అచ్చుయంత్రం పెట్టి పత్రిక తీసిన ఒద్దిరాజు సోదరులకు స్థానికం అనేది అనుబంధం కాదు, పత్రిక మొత్తం అదే. గోలకొండ పత్రిక చుట్టూ అల్లుకున్న చందాదారుల, లేఖకుల వల ఎంత విస్తృతమైనదో 1934లో 354 మంది కవులతో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’ చూస్తే తెలుస్తుంది. ఆ దశలో ఊరి సంగతి చాలావరకు లేఖగా వచ్చేది. రాసినవాడు ఆ ఊరివాడు, లేదా అక్కడికి వెళ్లి చూసినవాడు. ‘ఇక్కడ’, ‘మా గ్రామమున’ అన్న మాటలు వాక్యంలో ఉండే వీలుండేది.

ఆ దశను స్వర్ణయుగం చేయకూడదు. ఉత్తరం రాయగలిగినవారు అక్షరాస్యులు. ఆ కాలపు పల్లెలో అంటే ఎక్కువగా కరణాలు, ఉపాధ్యాయులు, పై కులాల యువకులు. వెట్టి చేసేవాడి సంగతి పత్రికకు ఎక్కినా అతడు రాసిందిగా ఎక్కలేదు. అయినా లేఖలో ‘నేను చూచితిని’ అన్న సాక్ష్యం ఉంది. నివేదికలో ‘తెలిపారు’ అన్న రసీదు మిగిలింది.

1992లో ఒక మినహాయింపు వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కార్యక్రమంలో చేరిన మహిళలు, వాచకంలోని ‘సీతమ్మ కథ’ పాఠం చర్చించుకొని, సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ‘ఈనాడు’ ఈ ఉద్యమానికి ప్రత్యేకంగా చోటు కేటాయించి నెలల తరబడి వార్తలు ఇచ్చింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా సాగింది.

ఈ కథలో పత్రిక యాజమాన్యపు రాజకీయ ఆసక్తులు ఏమిటన్న చర్చ జరిగింది, జరగవలసిందే. భాష వైపు నుంచి ఒక సంగతి చేర్చాలి. సారా పాటలకు రక్షణగా నిలిచినవారు ఎక్సైజు, పోలీసు అధికారులు. కాబట్టి ఊరి వార్తకు అలవాటైన రెండు మూలాలూ ఈసారి పనికిరాలేదు. విలేకరి వీధిలోకి వెళ్లి ఆడవాళ్లను అడగక తప్పలేదు. ఎస్సైకి బదులు కూలిపనికి వెళ్లే స్త్రీ ‘తెలిపారు’కు కర్త కాగల పరిస్థితి ఏర్పడింది. ఒక ఊరి వార్త ఢిల్లీ దాకా వెళ్లి తిరిగి రానక్కరలేకుండా నేరుగా పొరుగూరికి చేరింది. చదవలేనివారికి చదివి వినిపించడం, మరునాడు ఆ ఊళ్లోనూ పాట ఆగడం అందువల్లనే సాధ్యమైంది. ఇంతకుముందు ఆండర్సన్ మాటకు చెప్పిన సవరణకు ఇది గట్టి ఆధారం. జాతిని ఊహించుకోవడంతో నిమిత్తం లేని పాఠకలోకం ఒకటి జిల్లా పుటలో ఏర్పడింది.

కారణం చెప్పే మాట

భాషా చర్చ ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. 1997–98లో వరంగల్లు జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు మొదట ఒక్కొక్కటిగా జిల్లా పుటలోనే వచ్చాయి. పేరు, వయస్సు, ఎన్నెకరాలు, ఎంత అప్పు, ఏ పురుగుమందు. ఆ పుటల నుంచి రైతు సంఘాలు, హక్కుల సంఘాలు జాబితాలు రాసుకున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లోకి చేరేసరికి పేరు పోయి సంఖ్య మిగిలింది. 2014 నుంచి ఆ సంస్థ సాగుదారులను, వ్యవసాయ కూలీలను వేర్వేరు గడుల్లో చూపడంతో ఒకే ఊరి మరణాలు రెండు సంఖ్యలుగా కూడా విడిపోయాయి.

ఊరి వార్తలో ఆత్మహత్యకు కారణం చెప్పే పదబంధాలు నాలుగైదే ఉన్నాయి. ‘అప్పుల బాధతో’, ‘కుటుంబ కలహాలతో’, ‘మద్యానికి బానిసై’, ‘జీవితంపై విరక్తి చెంది’, ‘కడుపునొప్పి తాళలేక’. చివరిదాన్ని తెలుగు పాఠకులు ఎంతగా అలవాటు పడి చదువుతారంటే, ఆ మాట వెనుక ఇంకేదో ఉందని అందరికీ తెలుసు, అయినా ఎవరూ అడగరు. ఈ పదబంధాలన్నీ ‘-తో’, ‘-ఐ’, ‘-లేక’ అన్న చిన్న రూపాలతో ప్రధాన క్రియకు అంటుకుని ఉంటాయి. ఒక వాక్యం కావలసిన కారణం ఒక విశేషణమైంది. విరక్తి ఎందుకు, కడుపునొప్పి ఎన్నాళ్ల నుంచి, వైద్యానికి డబ్బు ఉందా అన్న ప్రశ్నలకు ఆ వాక్య నిర్మాణంలో చోటు లేదు.

2004 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 421వ నంబరు ఉత్తర్వు ప్రకారం, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు అందాలంటే డివిజన్ స్థాయి కమిటీ ఆ మరణం వ్యవసాయ కారణాల వల్లనే జరిగిందని నిర్ధారించవలసి ఉండేది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు అందులో సభ్యులు. వారి ముందుండే పోలీసు కాగితంలో ‘కుటుంబ కలహాలు’ అని ఉంటే, మరునాటి పత్రికలోనూ అదే ఉంటే, ఆ ఇంటి మాటకు విలువ ఎంత? అలాగే ‘రైతు’, ‘కౌలు రైతు’, ‘కూలీ’ అన్న మూడు మాటల్లో విలేకరి ఏది రాశాడన్నది శైలి విషయం కాదు. కౌలుకు చేసేవాడికి పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చినా కార్డు అందనివారు చాలామంది. ఏ కాగితమూ రైతు అనని మనిషిని ‘కౌలు రైతు’ అన్న ఒక పత్రికా వాక్యం రైతు అనగలదు. పంచనామాను దాటి విలేకరి ఒక్క ప్రశ్న అదనంగా అడిగిన రోజున అది జరిగింది. అలాంటి వార్తలు రాసిన మండల విలేకరులు ఉన్నారు. వారి పేరు వార్త కింద ఉండదు, ‘న్యూస్‌టుడే’ అనో, ‘మా ప్రతినిధి’ అనో ఉంటుంది.

ఊరి పేరున్న కథలు

దినపత్రిక ఊరి వార్తను ఇలా రాస్తున్న కాలంలోనే, వారపత్రికలు, ఆదివారం అనుబంధాలు ఊరి పేరుతో కథామాలికలు ప్రచురించాయి. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ ఆంధ్రజ్యోతి వారపత్రికలో, వంశీ ‘మా పసలపూడి కథలు’ స్వాతిలో వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు సీమ ముస్లిం ఇంటిని, ఆ ఇంటి తెలుగుతోనే తెచ్చింది. ఈ కథల్లో మనుషులు తమ మాట తాము మాట్లాడతారు. జిల్లా పుట కోల్పోయిన ఊరి నుడి ఈ కథల్లో నిలిచింది.

వీటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక పంపకం కనిపిస్తుంది. కథామాలికల్లో చాలాచోట్ల తేదీ ఉండదు. ‘అమరావతి కథలు’లో కృష్ణ ఏ సంవత్సరంలోనైనా పారుతూ ఉండవచ్చు. ఊరి వార్తలో తేదీ, వారం, గంట తప్ప మరేమీ నిలవదు. కథకు నుడి దక్కింది, వార్తకు కాలం దక్కింది. ఊరిని దాని నుడితో, దాని కాలంతో కలిపి రాసిన రచన మనకు కొరతగానే ఉంది. ఖదీర్‌బాబు కతలు ఆ కొరతను కొంత తీర్చాయి, పసలపూడి కథలు తీర్చలేదన్నది నా అంచనా. వాటి మాధుర్యం వేరే సంగతి.

జిల్లా పుటలు కూడా మారాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు పది నుంచి ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ముప్పై మూడయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. నిన్నటిదాకా ‘మన జిల్లా’ అయిన ఊరు పొరుగు జిల్లా వార్తగా కూడా రాకుండా పోయింది. 2020 లాక్‌డౌన్‌లో పుటలు కుదించినప్పుడు పలు పత్రికల్లో జిల్లా సంచిక ప్రధాన సంచిక కడుపులోకి వచ్చి చేరింది. ‘కేంద్రం మొండిచేయి’, ‘మృతదేహాన్ని తరలించారు’ ఇప్పుడు ఒకే కాగితం మీద, రెండు మూడు పుటల దూరంలో ఉన్నాయి.

ఈ విషయం మీద పనిచేయదలచినవారికి ఎదురయ్యే మొదటి అడ్డంకి భాషకు సంబంధించినది కాదు. ఒక నగరంలోని గ్రంథాలయానికి వచ్చే పత్రిక ఆ నగరపు సంచిక. దానితో వచ్చే అనుబంధం ఆ జిల్లాదే. 1992 నాటి ప్రధాన సంచిక కుట్టిన సంపుటాలు హైదరాబాదులో దొరికినా, ఆ ఏడాది నెల్లూరు పాఠకుడి చేతికి వచ్చిన అనుబంధం అందులో ఉండదు. అంతర్జాలంలో పత్రికలు పెట్టే ప్రతులు ఆ కాలం దాకా వెనక్కి వెళ్లవు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో, శాఖా గ్రంథాలయాల గదుల్లో, సంఘాల కార్యాలయాల్లో కత్తిరించి అట్టలకు అంటించి పెట్టుకున్న కాగితాల్లో మిగిలినంత మిగిలి ఉంది. పొట్లాల కాగితంగా వెళ్లిపోగా మిగిలినదాన్ని ఒక్కొక్క విశ్వవిద్యాలయ తెలుగు శాఖ తన చుట్టూ ఉన్న రెండు మూడు జిల్లాల మేరకైనా సేకరించి, ఛాయాచిత్రాలుగా తీయడం ఇప్పుడు జరగవలసిన పని. శాసనాలకు మన ముందుతరం పండితులు అదే చేశారు, కాగితం, సిరా, ఓపిక పట్టుకొని ఊరూరా తిరిగి.